కుర్చీ చాటున ఉండిపోయిన రే

ఖమ్మంలో ఈమధ్య కట్టిన ఫ్లాట్లలో గృహప్రవేశానికి వెళ్తే డైనింగ్ టేబుల్ చుట్టూ ఒక రకం కుర్చీ తరచూ కనిపిస్తోంది. గమనించారా? తెల్లటి డొప్పలాంటి సీటు, దానికింద కాస్త బయటికి వాలినట్టుండే నాలుగు సన్నటి కర్ర కాళ్ళు, ఆ కాళ్ళ మధ్య ఇంటూ గుర్తులా బిగించిన నల్లటి ఇనుప చువ్వలు. షాపువాళ్ళు దాన్ని ఈమ్స్ చెయిర్ అంటారు. టేకుతో కుర్చీలు చేయించుకుని నలభై ఏళ్ళుగా వాడుతున్న అత్తగార్లు మాత్రం దాన్ని చూసి పెదవి విరుస్తారు. భద్రాచలం అడవిని పక్కన పెట్టుకుని ప్లాస్టిక్ మీద కూర్చుని అన్నం తినడమేమిటని వాళ్ళ బాధ.

ఆ బాధలో నిజం లేకపోలేదు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు. టేకు చెట్లు, జామాయిల్ తోటలు, సారపాక పేపర్ మిల్లుకి దుంగలు మోసుకెళ్ళే లారీలు. కర్ర అంటే ఏమిటో తెలిసిన ప్రాంతం మనది. పెళ్ళిపీట దగ్గర్నుంచి పట్టెమంచం దాకా వడ్రంగిని ఇంటికి పిలిపించి దగ్గరుండి చేయించుకున్న తరాలున్నాయి మనకి.

కానీ ఆ తెల్ల కుర్చీకీ ఒక కథ ఉంది. డెబ్భై అయిదేళ్ళ పైబడిన కథ. ఈమ్స్ అనేది కంపెనీ పేరు కాదు, ఒక జంట ఇంటిపేరు. భర్త చార్లెస్, భార్య రే. ఆ కుర్చీని ఇద్దరూ కలిసే తయారుచేశారు. లోకం మాత్రం చాలా ఏళ్ళు ఒక్కరినే చూసింది. ఆ ఒక్కరూ ఎవరో మీకు వేరే చెప్పాలా?

ఈవేళ మనం చెప్పుకునేది రెండో మనిషి సంగతి.

బొమ్మలు గీసే అమ్మాయి

1912 డిసెంబరు 15న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో ఊళ్ళో పుట్టింది రే. తల్లిదండ్రులు పెట్టిన పేరు బెర్నిస్ అలెగ్జాండ్రా కైజర్. ఇంట్లో ముద్దుగా రే రే అని పిలిచేవారు. ఆ ముద్దుపేరే నిలిచిపోయింది. 1954లో చట్టప్రకారం కూడా దాన్ని తన పేరులో కలుపుకుంది. తండ్రి కొన్నాళ్ళు నాటకశాల మేనేజరుగానూ, తర్వాత ఇన్సూరెన్స్ ఏజెంటుగానూ పనిచేశాడు. ఆయన పోయాక 1931లో తల్లి ఈమెని తీసుకుని, కొడుకు మిలిటరీ కాలేజీలో చదువుతున్న న్యూయార్క్ వైపు వెళ్ళిపోయింది.

అక్కడ ఆడపిల్లల కాలేజీలో చదువు పూర్తిచేశాక రే మామూలుగా అందరూ వెళ్ళే దారిలో వెళ్ళలేదు. హన్స్ హాఫ్‌మన్ అనే జర్మన్ చిత్రకారుడి దగ్గర చేరి ఏళ్ళ తరబడి పెయింటింగ్ నేర్చుకుంది. చెట్టునో మనిషినో పోలిన బొమ్మలు కావవి. ఉత్త గీతలు, ఆకారాలు, రంగులు... అంతే. ఆ రోజుల్లో న్యూయార్క్‌లోనే అలాంటి బొమ్మల్ని గోడకి తగిలించే గ్యాలరీలు చాలా తక్కువ. అందుకే 1936లో కొంతమంది చిత్రకారులు కలిసి సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో రే ఒకతి. అంటే చార్లెస్ ఎవరో తెలియకముందే ఆమె తన కాళ్ళమీద నిలబడిన కళాకారిణి. ఈ ఒక్క ముక్కా గుర్తు పెట్టుకోండి, ముందు అవసరం వస్తుంది.

తల్లి జబ్బు పడితే దగ్గరుండి చూసుకుంది. 1940లో తల్లి కూడా పోయింది. ఇరవై ఏడేళ్ళ వయసు, పెళ్ళి కాలేదు, వెనక అమ్మానాన్నా లేరు. ఆ ఏడాదే మిషిగన్ రాష్ట్రంలో క్రాన్‌బ్రూక్ అనే కళల విద్యాలయంలో చేరింది. చార్లెస్ ఈమ్స్ అక్కడ డిజైన్ విభాగంలో ఉన్నాడు. చదువు ఆర్కిటెక్చర్. అప్పటికే పెళ్ళయి ఒక కూతురు.

చార్లెస్, అతని స్నేహితుడు ఈరో సారినెన్ కలిసి ఒక పోటీకి కుర్చీల నమూనాలు తయారుచేస్తున్నారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం, అందరూ మోమా అంటారే, ఆ మ్యూజియం పెట్టిన పోటీ అది. డ్రాయింగులు గీయడానికి, నమూనాలు చేయడానికి సాయం చేసినవాళ్ళలో రే కూడా ఉంది. ఆ కుర్చీలకి మొదటి బహుమతి వచ్చింది. చార్లెస్ మొదటి భార్యతో విడాకులయ్యాయి. 1941 జూన్ 20న చార్లెస్, రే షికాగోలో పెళ్ళి చేసుకుని, కారెక్కి కాలిఫోర్నియా వెళ్ళిపోయారు.

పడగ్గదిలో కార్ఖానా

బహుమతైతే వచ్చింది గానీ ఆ కుర్చీల్లో ఒక చిక్కుంది. ఫ్యాక్టరీలో చేయడానికి కుదరలేదు.

ఇది మన వైపు వాళ్ళకి చెప్పడం తేలిక. అడవి నుంచి తెచ్చిన అడ్డాకుని ఊరికే పట్టుకుంటే వాలిపోతుంది. అదే ఆకుని మడిచి పుల్ల గుచ్చి దొప్ప కుడితే పులుసు పోసినా నిలబడుతుంది. బలమంతా వంపులోనే ఉంది. పలచటి చెక్క పొరల్ని ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి అలా వంచితే, తక్కువ కర్రతో, దిండు అక్కర్లేకుండా, ఒంటికి సరిపోయే కుర్చీ చేయొచ్చని వీళ్ళ ఆలోచన. కానీ చెక్క ఆకు కాదుగా! ఒకవైపుకి వంచితే వంగుతుంది. గిన్నెలాగా రెండువైపులకీ ఒకేసారి వంచబోతే చీలిపోతుంది. పోటీలో గెలిచిన కుర్చీల పగుళ్ళని గుడ్డ చుట్టి కప్పాల్సి వచ్చింది.

ఆ పగులు పోగొట్టడానికి కొత్త జంట లాస్ ఏంజిలిస్‌లో అద్దెకి తీసుకున్న ఫ్లాట్‌లో, ఖాళీగా ఉన్న పడగ్గదిలో ఒక యంత్రం కట్టుకున్నారు. ప్లాస్టర్‌తో అచ్చు, దానికి కరెంటు తీగలతో వేడి, సైకిల్ పంపుతో గాలి కొట్టే రబ్బరు సంచి. చెక్క పొరలు లోపల పెట్టి, గాలి కొట్టి, జిగురు ఆరేదాకా గంటల తరబడి కాపలా కాయడమే. మన ఇంద్రజాలికులు అబ్రకదబ్ర అన్నట్టుగా దానికి కజామ్ అని పేరు పెట్టుకున్నారు. పగలు చార్లెస్ సినిమా స్టూడియోలో సెట్ల విభాగంలో ఉద్యోగానికి వెళ్ళేవాడు. రే ఇంట్లో ఉండి పని చూసేది.

కుర్చీ కంటే ముందు ఆ యంత్రం నుంచి వచ్చిందేమిటో తెలుసా? కాలి కట్టు! రెండో ప్రపంచ యుద్ధం రోజులు. దెబ్బతిన్న సైనికుల కాళ్ళకి కట్టే ఇనుప పట్టీలు స్ట్రెచర్ మీద మోసుకెళ్ళేటప్పుడు అదిరి గాయాన్ని ఇంకా రేపేవి. వీళ్ళు చార్లెస్ కాలినే కొలతగా తీసుకుని ప్లైవుడ్‌తో తేలికైన కట్టు చేశారు. అమెరికా నౌకాదళం కొన్నది. యుద్ధం ముగిసేసరికి దాదాపు లక్షన్నర తయారయ్యాయి. దాని పక్కల్లో ఉన్న కంతలు గుడ్డపట్టీ చుట్టడానికి పనికొచ్చేవి, చెక్క వంగేచోట చీలకుండానూ కాపాడేవి. ఆ ఏళ్ళలోనే రే అదే ప్లైవుడ్‌తో శిల్పాలు చేసింది. ఒక ఆర్కిటెక్చర్ పత్రికకి ఇరవైకి పైగా ముఖచిత్రాలూ వేసింది. ఆ ముఖచిత్రాల్లోని చిక్కుడుగింజ లాంటి మెత్తటి వంపుల్నీ తర్వాత వచ్చిన కుర్చీ సీట్ల అంచుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరి చెయ్యి ఎక్కడుందో మనలాంటివాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

చివరికి చిక్కు ఎలా విడిపోయిందంటే, సీటూ వీపూ ఒకే ముక్కగా చేయాలన్న పట్టు వదిలేశారు. సీటు వేరు, వీపు వేరు, వెనక ఒక వెన్నెముక, కింద వంచిన చెక్కతోనే ముందుకాళ్ళు, వెనకకాళ్ళు. అతికేచోట రబ్బరు బిళ్ళలు. అందుకే వెనక్కి వాలితే వీపు కాస్త మనతోపాటే కదులుతుంది. 1946లో బజారుకొచ్చిన ఆ కుర్చీ పేరు డీసీడబ్ల్యూ. డైనింగ్ చెయిర్, వుడ్. అన్నట్టు, మధ్యలో మూడు కాళ్ళ కుర్చీ కూడా చేసి చూశారట. కూర్చున్నవాళ్ళు పక్కకి ఒరిగితే తిరగబడుతోందని మానేశారు. మన ముక్కాలిపీట ఎందుకు తిరగబడదంటే, అది నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది గనక!

బోర్డు మీద ఒక్కటే పేరు

ఆ 1946లోనే మోమాలో ఈ కుర్చీలతో ప్రదర్శన పెట్టారు. బోర్డు మీద ఏం రాశారో ఊహించండి. చార్లెస్ ఈమ్స్ డిజైన్ చేసిన కొత్త ఫర్నిచర్ అని! రే పేరు లేదు. వర్క్‌షాప్‌లో కష్టపడిన మిగతా కుర్రాళ్ళ పేర్లూ లేవు. హ్యారీ బెర్టోయా అనే శిల్పి లాంటివాళ్ళు ఆ తర్వాత విడిపోయి తమ దారి తాము చూసుకున్నారు. రే ఎక్కడికి పోతుంది? భార్య కదా.

ఇది చార్లెస్ ఒక్కడి తప్పని రాసేస్తే సులువే గానీ న్యాయం కాదు. తమ పనిలో రేకి సమానమైన పాలు ఉందని ఆయన చెబుతూనే ఉండేవాడు. వినే చెవులే లేవు. 1956లో టీవీలో ఒక ఆడవాళ్ళ కార్యక్రమానికి ఇద్దర్నీ పిలిచారు. అప్పుడే వచ్చిన వాళ్ళ పెద్ద తోలు కుర్చీని చూపించడానికి. యాంకరమ్మ ముందు చార్లెస్‌ని పరిచయం చేసింది. తర్వాత రేని, విజయం సాధించిన మగవాడి వెనక ఉండే సమర్థురాలైన ఇల్లాలిగా పిలిచింది. రే చిరునవ్వుతో వచ్చి రెండు ముక్కలు మాట్లాడింది. పొగడ్తే అనుకుంది ఆ యాంకరమ్మ, పాపం. ఆమె కూడా ఉద్యోగం చేసుకునే ఆడదే మరి!

రే స్వభావం కూడా ముందుకు తోసుకొచ్చేది కాదు. మాటకారి చార్లెస్. వేదికలన్నీ ఆయనవి. ఆమె ఎప్పుడూ ఒకే తరహా నిండు గౌను, జుట్టుకి రిబ్బను. చేతికందిన కాగితం ముక్క మీదల్లా, సిగరెట్ పెట్టె రేకు మీద కూడా, గుర్తులు రాసుకునేది. రిబ్బన్లు, బొత్తాలు, గులకరాళ్ళు ఏదీ పారేసేది కాదు. ఆఫీసులో రంగుల సంగతి వచ్చేసరికి అందరూ ఆమె వైపే చూసేవారు. బొమ్మల్లో తర్ఫీదైన కన్ను అది. చిన్న తేడా కూడా పట్టేసేది.

డొప్పకి కర్ర కాళ్ళు

ఇక మన ఖమ్మం ఫ్లాట్లలో కనిపించే కుర్చీ దగ్గరికి వద్దాం. సీటూ వీపూ ఒకే ముక్కగా ఉండాలన్న పాత కోరిక వాళ్ళని వదల్లేదు. చెక్క ఒప్పుకోలేదు సరే, వేరేదేదైనా? 1948లో తక్కువ ఖరీదు ఫర్నిచర్ కోసం మోమా మరో పోటీ పెట్టింది. యుద్ధంలో ఇళ్ళకి దూరమైన కుర్రాళ్ళు తిరిగొచ్చి కాపురాలు పెడుతున్న కాలం. అందరికీ సామాన్లు కావాలి, డబ్బులు లేవు. వీళ్ళు రేకుతో ఒక డొప్ప కుర్చీ చేసి పంపారు. రెండో బహుమతి పంచుకున్నారు. రేకుతో చేస్తే ఖరీదెక్కువవుతోందని, విమానాల కోసం యుద్ధంలో వాడిన ఫైబర్‌గ్లాస్‌కి మారారు. 1950 నుంచి హెర్మన్ మిల్లర్ కంపెనీ ఆ డొప్పల్ని అమ్మడం మొదలుపెట్టింది.

అందులో తెలివంతా ఎక్కడుందంటే, డొప్ప ఒక్కటే, కాళ్ళు ఎన్నో! ఇనుప కాళ్ళు వేస్తే ఆఫీసుకి. వంకీ చెక్కలు వేస్తే పాపాయిని ఊపుకుంటూ పాలిచ్చే ఉయ్యాల కుర్చీ. గుండ్రటి కర్ర కాళ్ళు వేస్తే డైనింగ్ టేబుల్‌కి. ఈ చివరిదాని పేరు డీఎస్‌డబ్ల్యూ. డి అంటే డైనింగ్, ఎస్ అంటే చేతుల్లేని సైడ్ చెయిర్, డబ్ల్యూ అంటే వుడ్. ఆ కర్ర కాళ్ళే లేకపోతే అది ఆస్పత్రి వరండాలో కుర్చీలా ఉండేదని నా అభిప్రాయం. నున్నటి డొప్ప కింద కర్ర నార కనిపించేసరికి అది ఇంటి వస్తువైంది. మొదటి డొప్పలు మూడే రంగుల్లో వచ్చాయి. మూడూ బూడిదకీ గోధుమకీ మధ్య ఉండే నెమ్మదైన రంగులు. అన్నం గిన్నెల్ని మించి కుర్చీ మెరవకూడదు మరి.

కొనేవాళ్ళకి ఒక మాట. మన దగ్గర అమ్మేవి చాలావరకు నకళ్ళే. కొనేముందు కుర్చీని తిరగేసి చూడండి. కాళ్ళు డొప్పకి అతికేచోట మరలు గట్టిగా ఉన్నాయా, ఇనుప చువ్వలు ఊగుతున్నాయా అన్నది ముఖ్యం. కాళ్ళు బయటికి వాలి ఉంటాయి కాబట్టి బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది.

1949 క్రిస్మస్ ముందురోజు ఈ జంట సొంత ఇంట్లోకి మారారు. లాస్ ఏంజిలిస్‌లో, పసిఫిక్ సముద్రం కనిపించే పచ్చిక మైదానం పక్కన. ముందు మైదానానికి అడ్డంగా వంతెనలాంటి ఇల్లు అనుకున్నారు. ఇనుము వచ్చేలోపు ఆ స్థలంలో తిరిగి తిరిగి, అంత చక్కటి మైదానాన్ని పాడుచేయడం ఎందుకని ఇంటిని గట్టు వారకి జరిపేశారు. ఇంటిముందు వరసగా ఉన్న చెట్లని అలాగే ఉంచారు. ఏం చెట్లనుకున్నారు? యూకలిప్టస్. మన జామాయిలే!

చెంబు దగ్గర ఆగిన చూపు

1958లో భారత ప్రభుత్వం చార్లెస్‌నీ రేనీ మన దేశానికి పిలిచింది. ఫోర్డ్ ఫౌండేషన్ ఖర్చు పెట్టుకుంది. ఫ్యాక్టరీలు పెరుగుతున్నాయి, పాత చేతిపనులు నలిగిపోతున్నాయి, డిజైన్ విషయంలో మనం ఏం చేయాలో చెప్పమని అడిగారు. ఇద్దరూ సుమారు మూడు నెలలు తిరిగి, ఆ ఏప్రిల్‌లో ఒక చిన్న రిపోర్టు రాసిచ్చారు.

పెద్ద పెద్ద యంత్రాల గురించి రాస్తారని ఎదురుచూసినవాళ్ళు తెల్లబోయి ఉంటారు. ఎందుకంటే ఆ దేశమంతా తిరిగి తాము చూసిన వస్తువులన్నిట్లోకీ గొప్పదని వాళ్ళు మెచ్చుకున్నది చెంబుని! అవును, మన ఇంట్లో మూల పడేసిన ఇత్తడి చెంబునే. నిండుగా ఉన్నప్పుడు ఎలా తూగుతుంది, ఖాళీగా ఉంటే ఎలా, నడుం మీద పెట్టుకుంటే ఎలా, తలమీద అయితే ఎలా, చేతికి చల్లగా తగులుతుందా, నీళ్ళు వంచితే ధార ఎలా పడుతుంది, తోమడం తేలికేనా, తడితే ఏం మోగుతుంది... ఇన్ని ప్రశ్నలు వేసుకున్నారు. ఎవరో ఒక్క మేధావి కూర్చుని చేసింది కాదని, తరతరాల చేతులు కొంచెం కొంచెం సరిదిద్దుకుంటూ వచ్చాయని తేల్చారు. భద్రాచలం వెళ్ళి చెంబుతో గోదావరి నీళ్ళు ఇంటికి తెచ్చుకున్న ఆడవాళ్ళకి ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు చేతివేళ్ళకే తెలుసు. ఆ చేతుల్లో ఒక్కదానికీ పేరు లేదు.

ఆ రిపోర్టు భగవద్గీతలో కర్మనీ ఫలితాన్నీ చెప్పే శ్లోకంతో మొదలవుతుంది. పేరు దక్కని రే ఆ శ్లోకం దగ్గర ఏమనుకుందో! చిత్రమేమిటంటే మన దేశానికి ఇచ్చిన ఆ రిపోర్టు మీద మాత్రం చార్లెస్, రే అని రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆ సలహా మీదే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది. గౌతమ్ సారాభాయి, ఆయన చెల్లెలు గీరా సారాభాయి దాన్ని నిలబెట్టారు. నెహ్రూ పోయాక ఆయన జీవితం మీద ప్రదర్శన తయారుచేయడానికి ఈమ్స్ దంపతులు మళ్ళీ అహ్మదాబాద్ వచ్చి అక్కడివాళ్ళతో కలిసి పనిచేశారు. 1965లో అది న్యూయార్క్‌లో మొదలైంది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కీ ఒక ఎన్ఐడీ వచ్చింది. మన ఖమ్మం ఆడపిల్లలకి ఇప్పుడు అహ్మదాబాద్ దాకా పోనక్కర్లేదు, విజయవాడ దాటితే చాలు.

అదే తేదీ

1978 ఆగస్టు 21న చార్లెస్ గుండెపోటుతో పోయాడు. రేకి అప్పటికి అరవై అయిదేళ్ళు. సొంతంగా కొత్త కుర్చీలు చేసి తన పేరు నిలబెట్టుకోవచ్చుగా అని మనకి అనిపిస్తుంది. ఆమె ఆ పని చేయలేదు. సగంలో ఉన్న పనులు పూర్తిచేసింది. నలభై ఏళ్ళ సామాను ఒక్కొక్కటే తీసి, ఏది ఎప్పుడు, ఎవరు, ఎలా చేశారో రాయించింది. లక్షల ఫొటోలు, కాగితాలు, ఆ చిన్న చిన్న చీటీలతో సహా అమెరికా జాతీయ గ్రంథాలయానికి చేరాయి. పాత సహోద్యోగులిద్దరితో కలిసి తమ పనులన్నిటి మీదా ఒక పెద్ద పుస్తకం తయారుచేసింది. 1989లో అది అచ్చయ్యేసరికి ఆమె లేదు. 1988 ఆగస్టు 21న కన్నుమూసింది. చార్లెస్ పోయిన పదేళ్ళకి, సరిగ్గా అదే తేదీన.

ఆమె దాచిన ఆ చీటీలే ఆమె తరఫున సాక్ష్యం చెప్పాయి. 1995లో ప్యాట్ కిర్కమ్ అనే చరిత్రకారిణి, ఈమ్స్ దంపతుల మీద రాసిన పుస్తకంలో రే పాలు ఎంతో విడమరిచి చూపించింది. 2008లో అమెరికా తపాలా శాఖ వీళ్ళ పనుల మీద పదహారు స్టాంపులు వేసినప్పుడు ఇద్దరి పేర్లూ వేసింది. ఒకప్పుడు చార్లెస్ ఒక్కడి పేరుతో అమ్మిన కంపెనీ కూడా ఇప్పుడు ఆ కుర్చీని ఇద్దరి పేరుతోనే అమ్ముతోంది.

2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ కొండల్లో కార్చిచ్చు చెలరేగి వేల ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ జామాయిల్ చెట్ల వెనకున్న ఇల్లు పొగచూరింది గానీ కాలలేదు. ఖమ్మం షాపులో బిల్లు మీద మాత్రం ఈమ్స్ చెయిర్, నాలుగు అని రాసిస్తున్నారు.